ఫొటోలు పోతుంటే బిల్లు ఆగకూడదు: చీమకుర్తి ఆఫీసులో ఏడాదిగా వాడుతున్న రోబోకాపీ

చీమకుర్తి దగ్గరి ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో స్లాబుల ఫొటోలు, కంప్యూటర్లు, ఎగుమతి కాగితాలు చూసుకోవడం నా పని. మా ప్రాంతపు బ్లాక్ గెలాక్సీ రాయి నల్లటి నేల మీద బంగారు చుక్కలు చల్లినట్టు ఉంటుందని, ఆ మెరుపు రాయిలోని బ్రాంజైట్ ఖనిజం వల్ల వస్తుందని ఈ వ్యాపారంలో ఉన్నవారందరికీ తెలుసు. ఆ చుక్క చిన్నదా పెద్దదా, స్లాబు అంతటా సమంగా పరుచుకుందా, ఒక మూల పలచబడిందా అన్నది చూసిన తర్వాతే కొనుగోలుదారు ధర మాట్లాడతాడు. అందుకని ప్రతి స్లాబునూ నాలుగు భాగాలుగా, కుదించని రా ఫైళ్లుగా తీస్తాం. ఒక్కో ఫొటో సుమారు 28 ఎంబీ ఉంటుంది. రోజుకు 120 స్లాబులు అనుకున్నా ఫొటోలే 13 జీబీ దాటుతాయి. కంటైనరులోకి సరుకు ఎక్కించేటప్పుడు పగుళ్లు లేవని చూపడానికి తీసే వీడియోలు కలిపితే రోజు లెక్క 55 జీబీ దగ్గర తేలుతుంది. ఇదంతా సాయంత్రానికి ఫొటోలు దించే కంప్యూటరు నుంచి ఆఫీసులోని నెట్‌వర్క్ నిల్వ పెట్టెలోకి చేరాలి.

ఫైళ్లను ఒక చోటి నుంచి ఇంకో చోటికి కాపీ చేసే విండోస్ సాధనం రోబోకాపీ మీద ఈ సమీక్షకు కారణమైన చిక్కు ఏమిటంటే, ఫొటోలు దించే కంప్యూటరు, ఈ-వే బిల్లులు తీసే కంప్యూటరు మా దగ్గర ఒకటే. 50,000 రూపాయలు దాటిన సరుకు కదలాలంటే ఈ-వే బిల్లు ఉండాలి కాబట్టి, అది చేతికి రానిదే లారీ గేటు దాటదు. నేను సాయంత్రం ఐదింటికి ఫోల్డరును పట్టి నిల్వ పెట్టెలోకి లాగి వదలగానే ఆ యంత్రం నిద్రలోకి జారుకునేది. బ్రౌజరులో ఒక గడి నుంచి పక్క గడిలోకి వెళ్లడానికి పది సెకన్లు, బిల్లు పేజీ తెరుచుకోవడానికి రెండు నిమిషాలు పట్టేది. డ్రైవరు కిటికీ దగ్గరికి వచ్చి, "ఏందక్కా, బిల్లు ఇంకా రాలా?" అని మా గుమాస్తాను అడగడం, ఆమె నా వైపు చేయి చూపి, "నన్నడిగితే ఏం చెప్పేది? ఆయన ఫొటోలు పంపతన్నాడు, అయ్యిందాకా ఇది కదలదు" అనడం రోజూ జరిగే తంతుగా మారింది.

రోబోకాపీ కొత్త వస్తువేమీ కాదు. మొదట విండోస్ ఎన్‌టీ కాలంలో నిర్వాహకుల కోసం విడిగా ఇచ్చిన రిసోర్స్ కిట్‌లో ఉండేది. విస్టా అనే కూర్పు నుంచి విండోస్‌తోపాటే వస్తోంది కాబట్టి, ఇది చదువుతున్నవారి కంప్యూటరులోనూ ఇప్పటికే ఉండి ఉంటుంది. దీనికి ధర లేదు, కిటికీ లేదు, బొత్తాలు లేవు. కమాండ్ ప్రాంప్ట్ అనే నల్ల తెర మీద ఒక వరుస టైపు చేయడమే దీన్ని వాడే పద్ధతి. ఆ వరుసను ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి. ఇక్కడ మాత్రం గుర్తులను పలికే తీరులో తెలుగులో రాస్తున్నాను.

అయితే దీనికి రావాల్సిన మెప్పును ఇతరుల మెప్పుతో కలపకుండా చెప్పడం న్యాయం. రోబోకాపీని ముట్టుకోకముందే మేము మూడు పనులు చేశాం, వాటిలో రెండింటి ఫలితం చాలా పెద్దది.

మొదటిది తీగ. విండోస్‌లో నెట్‌వర్క్ అడాప్టరు స్థితిని తెరిచి చూస్తే అక్కడ వేగం సెకనుకు 100 మెగాబిట్లు అని ఉంది. కార్డు గిగాబిట్‌ది, అంటే దానికి పది రెట్లది, పెట్టె గిగాబిట్‌ది, మధ్యనున్న స్విచ్ కూడా గిగాబిట్‌దే. ఈథర్‌నెట్ తీగలో నాలుగు జతల రాగి పోగులుంటాయి. 100 మెగాబిట్ల వేగానికి రెండు జతలు చాలు, గిగాబిట్‌కు నాలుగూ కావాలి. మిగతా రెండు జతల్లో ఒక్క పోగు తెగినా రెండు చివరల యంత్రాలు ఎవరికీ చెప్పకుండా తక్కువ వేగానికి సర్దుకుంటాయి, పని మాత్రం ఆగదు కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మా తీగ తలుపు సందులోంచి వెళ్లేది. తలుపు మూసినప్పుడల్లా నలిగి నలిగి ఏదో పోగు తెగి ఉంటుంది. ఒంగోలులో కొన్న కొత్త తీగ వేసి, దాన్ని గోడ మీదుగా తిప్పాం. 100 మెగాబిట్లంటే ఆచరణలో సెకనుకు సుమారు 11 ఎంబీ, అంటే 55 జీబీకి గంటా ఇరవై నిమిషాలకు పైనే. గిగాబిట్ మీద 110 ఎంబీ దాకా వెళ్లవచ్చు. పైగా అదే పెట్టెలో మా రెండో గుమాస్తా వాడే టాలీ దత్తాంశం కూడా ఉంది. ఇరుకు దారిని నా ఫొటోలే నింపేయడంతో ఆమె పద్దులు కూడా కదిలేవి కావు. తీగ మార్చిన రోజు నుంచి ఆమె నా మీద ఫిర్యాదు చేయడం మానేసింది.

చిత్రమేమిటంటే, నా ఎదుట ఉన్న యంత్రం పరిస్థితి తీగ మార్చాక ఇంకా పాడయింది. మునుపు తీగ నెమ్మదిగా ఉండడం వల్ల డిస్కుకు ఎంతో కొంత ఊపిరి అందేది. ఇప్పుడు నెట్‌వర్క్ అడిగినంతా అది ఇవ్వాల్సి వచ్చింది. టాస్క్ మేనేజరు తెరిస్తే ప్రాసెసరు పది శాతం దగ్గర తీరిగ్గా కూర్చుని ఉంది, డిస్క్ గీత మాత్రం నూరు శాతం దగ్గర అతుక్కుపోయి ఉంది. కంప్యూటరు నెమ్మదించిందని చాలామంది ముందు ప్రాసెసరును తిడతారు, కొత్తది కొనమంటారు. మా యంత్రంలో విండోస్, బ్రౌజరు, ఫొటోలు అన్నీ నిమిషానికి 7200 చుట్లు తిరిగే ఒకే హార్డ్ డిస్క్ మీద ఉన్నాయి. ఆ వేగంలో ఒక చుట్టుకు 8 మిల్లీసెకన్లకు పైగా పడుతుంది. ముల్లు కావలసిన గాడి మీదికి జరగాలి, ఆపై కావలసిన ముక్క దాని కిందికి వచ్చేదాకా సగటున అర చుట్టు ఆగాలి. ఫొటోల వరుస చదువుతున్న ముల్లును బ్రౌజరు తన చిన్న ఫైలు కోసం ఇంకో మూలకు పిలుస్తుంది, మళ్లీ వెనక్కి పరుగు. ఇద్దరికీ పని జరగదు. విండోస్‌ను, బిల్లుల పనిని తిరిగే భాగాలే లేని ఒక చిన్న ఎస్ఎస్‌డీ మీదికి మార్చి, పాత డిస్కును ఫొటోలకే వదిలాం. ఇబ్బందిలో సగానికి పైగా ఆ ఒక్క మార్పుతోనే తీరింది. రోబోకాపీ గురించి చదవడానికి వచ్చినవారికి ఈ మాట నిరాశ కలిగించినా, చెప్పకపోతే సమీక్ష తప్పుదారి పట్టిస్తుంది.

మూడోది యాంటీవైరస్. తెరిచిన ప్రతి ఫైలునూ అది చూస్తుంది. కెమెరా కార్డు నుంచి ఫొటోలు దించే ఒక్క ఫోల్డరునే దాని తనిఖీ నుంచి మినహాయించాం. డౌన్‌లోడ్ ఫోల్డరును, మొత్తం డిస్కును మినహాయించే పొరపాటు మాత్రం ఎవరూ చేయకూడదు. వీటితోపాటు, రాతి పొడి పేరుకుపోయిన ఫ్యానును ఊది శుభ్రం చేయడం మా ఊళ్లో నెలకోసారి తప్పని పని. వేడెక్కిన ప్రాసెసరు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది.

ఇన్ని చేసిన తర్వాత కూడా మిగిలిన మొరాయింపు ఒకటి ఉంది, రోబోకాపీ విలువ అక్కడ తెలిసింది. వీడియోలు పంపిన అరగంట తర్వాత కూడా, అంటే కాపీ పూర్తయ్యాక కూడా, అంతకుముందు తెరిచి ఉన్న ప్రోగ్రాములు ముట్టుకోగానే ఒక్క క్షణం బిగుసుకునేవి. విండోస్ చదివిన ఫైళ్ల ముక్కలను ఖాళీగా ఉన్న ర్యామ్‌లో దాచుకుంటుంది, మళ్లీ అడిగితే వెంటనే ఇవ్వవచ్చునని. రోజూ తెరిచే ఫైళ్లకు ఇది మంచి అలవాటే. కానీ మా యంత్రంలో ఉన్న ర్యామ్ 8 జీబీ. మళ్లీ ఎవరూ అడగని 40 జీబీ వీడియో దాని గుండా పారితే, నిజంగా కావలసినవి బయటికి తోసివేయబడతాయి. రోబోకాపీలో "/జే" అనే గుర్తు చేరిస్తే అది ఈ ర్యామ్ నిల్వను పక్కన పెట్టి, డిస్కు నుంచి నేరుగా చదివి నేరుగా రాస్తుంది. పెద్ద ఫైళ్లకు దీన్ని వాడమని దాని సహాయ పాఠంలోనే ఉంది. వీడియోలకు దీన్ని పెట్టిన రోజు నుంచి ఆ బిగుసుకుపోవడం పోయింది. కాపీ వేగంలో మాకు పెద్ద తేడా కనబడలేదు.

ఈ విషయంలో విండోస్ చరిత్ర కూడా ఊగిసలాడిందన్నది తెలుసుకోదగ్గది. విస్టా మొదటి రూపంలో మామూలు కాపీనే ఇలా నిల్వను పక్కన పెట్టి చేసేది. కాపీ ఎంతవరకు వచ్చిందో చూపే డబ్బా తెర మీద ఎక్కువసేపు ఉండడంతో జనం అది నెమ్మదని గగ్గోలు పెట్టారు. 2008లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 1తో మళ్లీ ర్యామ్‌లో దాచే పద్ధతికే వెళ్లారు. ర్యామ్ నిల్వ వాడితే డబ్బా త్వరగా మాయమవుతుంది, రాత మాత్రం వెనక జరుగుతూనే ఉంటుంది. అదే విస్టాలో పాటలు వింటూ ఫైళ్లు పంపితే నెట్‌వర్క్ వేగం పడిపోయేది. పాట తెగకుండా ఉండాలని, మల్టీమీడియా నడుస్తున్నంతసేపూ నెట్‌వర్క్ నుంచి తీసుకునే ప్యాకెట్లను మిల్లీసెకనుకు పదికి పరిమితం చేయడం దానికి కారణమని 2007లో బయటపడింది. కంప్యూటరు ముందున్న మనిషి పని ముందా, వెనక జరుగుతున్న పని ముందా అన్న తగవు చీమకుర్తి గేటు దగ్గర పుట్టింది కాదన్నమాట.

రోబోకాపీలో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని మర్యాద. అడిగితే నెమ్మదిగా నడుస్తుంది. ఇటీవలి విండోస్ కూర్పుల్లో "/ఐఓరేట్" అనే గుర్తు ద్వారా సెకనుకు ఇన్ని ఎంబీలకు మించవద్దని చెప్పవచ్చు. పగటిపూట తప్పనిసరిగా పంపాల్సి వస్తే నేను 20 ఎంబీ అని పెడతాను. 55 జీబీకి ముప్పావుగంట పడుతుంది, ఆ ముప్పావుగంటలో యంత్రంలో కాపీ జరుగుతోందన్న సంగతి మా గుమాస్తాకు తెలియను కూడా తెలియదు. పాత కూర్పుల్లో ఇదే పనికి "/ఐపీజీ" ఉంది. అది పంపే ముక్కకూ ముక్కకూ మధ్య మిల్లీసెకన్లలో విరామం ఇస్తుంది. అయితే ఇన్ని ఎంబీలు అని సూటిగా చెప్పే వీలు అందులో లేదు, అంకె మార్చి మార్చి చూసుకోవాలి.

దీనికి ఎదురు గుణం "/ఎంటీ". ఒకేసారి అనేక ఫైళ్లను పంపే ఈ గుర్తుకు అంకె ఇవ్వకపోతే 8 దారులు, గరిష్ఠంగా 128 దాకా తెరుచుకుంటాయి. కంప్యూటరు పాఠాల వీడియోలలో చెప్పేవారు 32, 64 అని ఉత్సాహంగా టైపు చేయిస్తుంటారు. వేలకొద్దీ చిన్న ఫైళ్లున్నప్పుడు ఇది నిజంగా ఉపయోగమే, ఎందుకంటే అక్కడ ఒక్కో ఫైలును తెరవడానికీ మూయడానికీ నెట్‌వర్క్ మీద జరిగే రానుపోను కబుర్లకే కాలమంతా పోతుంది. కానీ తిరిగే హార్డ్ డిస్క్ మీద పెద్ద ఫైళ్లకు ఎనిమిది దారులు తెరిస్తే, ఒక్క ముల్లును ఎనిమిది మంది పిలిచినట్టే. మా పాత డిస్క్ మీద 8 పెట్టినప్పటికంటే 2 పెట్టినప్పుడే పని ముందు ముగిసింది. "/ఎంటీ"ని "/ఐపీజీ"తో కలిపి వాడడం కుదరదన్నది కూడా గుర్తుంచుకోవాలి.

ఇక కష్టాలు. ఇది కొత్తవారిని చేయి పట్టుకుని నడిపించే సాధనం కాదు. ఫైలు దొరక్కపోతే ఎన్నిసార్లు మళ్లీ ప్రయత్నించాలో మనం చెప్పకపోతే, ఇది తనంతట తాను పది లక్షల సార్లు, ఒక్కోసారి మధ్య 30 సెకన్లు ఆగుతూ ప్రయత్నిస్తుంది. లెక్కేస్తే మూడు కోట్ల సెకన్లు, అంటే ఒకే ఫైలు కోసం 347 రోజులు. ఎవరో తెరిచి ఉంచిన ఒక ఫొటో దగ్గర అది మొదటి రాత్రంతా ఓపికగా కూర్చుంది, నేను పొద్దున వచ్చి చూసేసరికి ఇంకా కూర్చునే ఉంది. అప్పటి నుంచి మూడుసార్లే మళ్లీ ప్రయత్నించమనే "/ఆర్:3", మధ్యలో పది సెకన్లే ఆగమనే "/డబ్ల్యూ:10" లేకుండా ఏ వరుసా రాయను.

రెండో రాత్రి ఇంకో వింత. నిన్న పంపిన ఫొటోలన్నిటినీ మళ్లీ మొదటి నుంచి పంపింది. మా నిల్వ పెట్టె ఫైలు సమయాన్ని కాస్త సవరించి రాసుకుంటోంది, ఆ తేడా చూసి రోబోకాపీ ఇది వేరే ఫైలనుకుంటోంది. రెండు సెకన్ల తేడాను పట్టించుకోవద్దని చెప్పే "/ఎఫ్ఎఫ్‌టీ" చేర్చాక కుదుటపడింది. ఈ ఒక్క గుర్తు తెలియక, రోజూ అంతా తిరిగి పంపుతూ యంత్రం నెమ్మదిగా ఉందని బాధపడేవారు చాలామంది ఉంటారని నా అనుమానం.

అసలు ప్రమాదం "/మిర్" దగ్గర ఉంది. రెండు ఫోల్డర్లను అచ్చుగుద్దినట్టు ఒకటిగా ఉంచడం దాని పని కాబట్టి, పంపే వైపు లేనిది చేరే వైపు ఉంటే దాన్ని తుడిచివేస్తుంది. మా కెమెరా కంప్యూటరులో చోటు కోసం పాత నెలల ఫొటోలు తీసేస్తుంటాం. దాంతో "/మిర్" వాడితే నిల్వ పెట్టెలోని పాత ఫొటోలు కూడా పోయేవి. నిజంగా చేయకుండా ఏమి చేస్తుందో జాబితా మాత్రం చూపించే "/ఎల్" పెట్టి ముందు నడిపాను కాబట్టి, ఆ జాబితాలో గత ఏడాది స్లాబులు తుడిచివేతల వరుసలో కనబడి చేయి వెనక్కి తీసుకున్నాను. కొత్తవారు "/ఈ"తోనే సరిపెట్టుకోవడం మేలు. అది కొత్తవి చేరుస్తుంది, దేన్నీ తుడవదు.

ఇంకో లోపం, కాపీ అయిన తర్వాత రెండు వైపుల ఫైళ్లలోని సరుకును ఇది పోల్చి చూడదు. ఆ పూచీ కావాలనుకునేవారికి టెరాకాపీ అనే మరో కాపీ ప్రోగ్రాము నయం. అందులో సరిచూసే సౌకర్యం ఉంది, మధ్యలో ఆపి కొనసాగించే బొత్తం ఉంది, చూడడానికి తెర ఉంది. రోజూ ఒకే పనిని మనిషి లేకుండా చేయించాలనుకున్నప్పుడు మాత్రం నాకు రోబోకాపీయే అనువుగా తోచింది.

ప్రస్తుతం మా ఏర్పాటు ఇలా ఉంది. సాయంత్రం ఫొటోలు మాత్రమే, వేగానికి కళ్లెం వేసి వెళతాయి. వీడియోలు రాత్రి 9 గంటలకు విండోస్‌లోని టాస్క్ షెడ్యూలరు ద్వారా "/ఈ /జే /ఎఫ్ఎఫ్‌టీ /ఆర్:3 /డబ్ల్యూ:10"తో వెళతాయి, చిట్టా ఒక ఫైలులో రాసుకుంటుంది. షెడ్యూలరు తాను మొదలుపెట్టే పనులకు మామూలు కన్నా తక్కువ ప్రాధాన్యం ఇస్తుంది కాబట్టి, ఎవరైనా ఆలస్యంగా కూర్చుని బిల్లు తీయాల్సి వచ్చినా అడ్డం రాదు. మొదటి వారంలో షెడ్యూలరు చూపే ఫలితం సున్నాకు బదులు 1 అని ఉండడం చూసి ఏదో చెడిపోయిందని కంగారుపడ్డాను. రోబోకాపీ భాషలో 1 అంటే ఫైళ్లు సక్రమంగా చేరాయని, 0 అంటే పంపడానికి కొత్తవేమీ లేవని అర్థం. 8, ఆపైన ఉంటేనే వైఫల్యం. కరెంటు పోతే సగంలో ఆగిన పెద్ద వీడియోను ఆగిన చోటు నుంచి అందుకోవడానికి "/జెడ్" ఉంది కానీ, దారి పొడవునా గుర్తులు పెట్టుకుంటూ పోవడం వల్ల అది వేగాన్ని బాగా తింటుంది. యూపీఎస్ ఉన్న మాకు దాని అవసరం పెద్దగా పడలేదు.

ఒకే గదిలో ఒకే తీగ మీద జరిగే పనికి నేను దీనికి ఐదుకు నాలుగు ఇస్తాను. తగ్గించిన ఆ ఒకటి, సరిచూపు లేనందుకూ పది లక్షల ప్రయత్నాలకూ కలిపి. ఒంగోలు ఆఫీసుకు నెలాఖరున పంపే 400 జీబీ విషయంలో మాత్రం దీన్ని పరీక్షించి వదిలేశాం. మా ఇంటర్నెట్‌కు పైకి పంపే వేగం 20 మెగాబిట్లు, అంటే సెకనుకు రెండున్నర ఎంబీ. ఎంత మర్యాదగా పంపినా, ఎంత దూకుడుగా పంపినా నలభై నాలుగు గంటలు పడుతుంది, ఆ రెండు రోజులూ బిల్లుల పేజీ మళ్లీ పాత కథే. మా కుర్రవాడు హార్డ్ డిస్కును సంచిలో వేసుకుని కర్నూలు రోడ్డు మీద స్కూటరుపై బయలుదేరితే నలభై నిమిషాల్లో ఒంగోలులో ఉంటాడు. సెకనుకు 160 ఎంబీకి పైగా పడుతుంది, దారిలో టీకి ఆగకపోతే.